నాలుగు దెబ్బల ఖాళీ

మా వైపు చావు జరిగిన ఇంటి నుంచి బయలుదేరేటప్పుడు ఎవరూ "పోయొస్తాం" అనరు. లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకొని, ఇంటివాళ్ళ ముఖం చూడకుండా వెళ్ళిపోతారు. ఆ మాట అంటే చావును మళ్ళీ రమ్మన్నట్టని పెద్దల భయం. ఇంట్లోనే అనకూడని మాట సమాధుల దొడ్డిలో అసలే అనకూడదు. పోయిన నెల మా అమ్మను మట్టి చేసిన రోజు, అందరూ పిడికెడు మట్టి వేసి పక్కకు జరిగాక, నేను గుంట అంచున నిలబడి "పోయొస్తాం" అన్నాను. గొణుక్కోలేదు, అందరికీ వినపడేట్టే అన్నాను. అన్నాక వెంటనే కదలకుండా కాసేపు అక్కడే నిలబడ్డాను. మా చిన్నాయన కొడుకు ఏసేబు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు. "ఏందన్నా ఆ మాట? ఈడ అంటారా ఎవరన్నా?" అన్నాడు. దుఃఖంలో నాకు మతి తప్పిందనుకొని ఉంటాడు. తర్వాత పాస్టరుగారూ అడిగారు, కార్ఖానాలో తోటివాళ్ళూ అడిగారు. ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క చెప్పి తప్పించుకున్నాను. మొత్తం చెప్పాలంటే సముద్రం దాటి పోయి రావాలి. అంత వినే ఓపిక ఎవరికుంది?

నేను బడిలో చదివింది తక్కువ. మార్కాపురం పలకల కార్ఖానాలో లెక్క చూస్తాను. గని నుంచి వచ్చిన రాతిని చూసి ఎన్ని పలకలు తేలతాయో, ఎంత పొట్టు కింద పోతుందో చెప్పడం నా పని. ఈ లెక్క నాకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. మా నాయన నా వీపు మీద నేర్పాడు. మా పల్లె మార్కాపురం నుంచి కంభం పోయే దారిలో ఉంది. అమ్మానాయనలది కూలి బతుకు. పగలంతా రెడ్ల చేలల్లో పని, పొద్దు వాలితే మా వాకిట్లో పాట. పాటల జట్టుకు నాయనే పెద్ద. మద్దెల వాయించేదీ, పాట ఎత్తేదీ ఆయనే. కొత్త పాట నేర్పేటప్పుడు మాత్రం మద్దెల పక్కన పెట్టి, తాళాలు నా చేతికిచ్చి, నన్ను ముందు కూర్చోబెట్టుకునేవాడు. ఎక్కడ కొట్టాలో ఎక్కడ ఆగాలో వేలితో నా వెన్ను మీద పొడిచి చెప్పేవాడు. కొట్టే చోటు కంటే ఆగే చోట గట్టిగా పొడిచేవాడు. "కొట్టేది ఎవుడైనా కొడతాడు రా. ఆగేదే లెక్కబెట్టుకోవాల" అనేవాడు. ఇప్పటికీ పెద్ద కూడిక వేసేటప్పుడు నా వీపు మీద ఎవరో వేలు ఆనించినట్టే ఉంటుంది.

ఆ వాకిలికి ఒక వాసన ఉండేది. మద్దెల తోలు మెత్తబడి సరిగ్గా పలక్కపోతే నాయన కందికట్టె మంట వేసి దాన్ని కాచేవాడు. వేడెక్కిన తోలు వాసన, కందికట్టె పొగ, పొయ్యి మీద ఉడికే గోగాకు పులుపు, ఇవి మూడూ కలిస్తే మాకు పాట మొదలవబోతున్నట్టు. అమ్మ పాడేది కాదు. ఆమె గొంతు ముక్కులోంచి వచ్చేది. చిన్నప్పుడు ప్రార్థన గుడిలో ఎవరో నవ్వారట, అంతే, మళ్ళీ పాటకు నోరు తెరవలేదు. పొయ్యి ముందు కూర్చొని సంగటి కెలికేది. ఆ తెడ్డు మాత్రం ఏనాడూ తాళం తప్పలేదు. పాటలన్నీ అయ్యాక జట్టు వాళ్ళు లేచి, ఇళ్ళకు పోతూ "పోయొస్తాం" అనేవాళ్ళు. ఎవరైనా అనే మామూలు మాటే. కానీ అప్పటిదాకా పాడిన గొంతులు కదా, ఆ మాట కూడా ఆఖరి పాట రాగంలోనే పడేది. అమ్మ వెంటనే బదులిచ్చేది కాదు. కుండ దించి, చేతులు కొంగుకు తుడుచుకొని, అప్పుడు ముక్కుతో "రాండి" అనేది. ఆ రెండు మాటల మధ్య నాలుగు దెబ్బల ఖాళీ. కొన్నాళ్ళకు ఆ ఖాళీ కూడా పాటలో కలిసిపోయింది. వాళ్ళు ఆ మాట పాడి వాకిట్లోనే ఆగేవాళ్ళు, నాయన మద్దెల మీద మెల్లగా నాలుగు దెబ్బలు వేసేవాడు, అమ్మ "రాండి" అన్నాక గానీ ఎవరి కాళ్ళూ కదిలేవి కావు. "మార్తక్క రాండి అనకుంటే పాట ముగియదబ్బా" అని నవ్వుకునేవాళ్ళు. మా అమ్మ తన జన్మలో పాడిన పాటంతా ఆ ఒక్క మాటే.

మా అక్క పేరు రూతమ్మ. జట్టులో అందరికంటే పెద్ద గొంతు ఆమెది. పెళ్ళయిన ఏడాదికే భర్త పాము కరిచి పోయాడు. ఇంటికి తిరిగొచ్చింది గానీ గొంతు మాత్రం అక్కడే వదిలేసి వచ్చినట్టుంది. అడిగితే ఊ అనేది, లేకపోతే అదీ లేదు. అట్లాంటి రోజుల్లో రంగూను నుంచి పిలుపు వచ్చింది. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికి పోయిన తెలుగువాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు. మా జట్టు సంగతి మన వైపు నుంచి పోయినవాళ్ళు చెప్పగా విని, చందాలు వేసుకొని, రానూ పోనూ ఓడ టికెట్లు తామే కొని రమ్మన్నారు. నాయన అక్కను కూడా తీసుకుపోతానన్నాడు. అమ్మ తెడ్డు ఆపింది.

"ఇంట్లోనే మాట్లాడని పిల్ల సముద్రం మీద పాడతాదా?"

"ఈడనే ఉంటే ఇట్లనే ఎండిపోతాది. నాలుగు కొత్త మొకాలు చూస్తే తిరుగుతాదేమో."

"తిరిగి ఆడనే ఉండిపోతే?"

"ఏం మాటలే అవి! తెస్తాలే."

"నీ తెస్తాలే నాకొద్దు. పిల్ల కావాల. ఎట్ల తీసకపోయినావో అట్లనే తెచ్చి ఈ వాకిట్లో నిలబెట్టు. అదొక్కటే నేను అడిగేది."

మద్రాసులో ఓడ ఎక్కాం. డెక్కు మీద చాపలు పరుచుకొని, మంచినీళ్ళు తాగినా వాంతి చేసుకుంటూ పోయాం. సంఘానికి కానుకగా మార్కాపురం పలకలు ఒక కట్ట కట్టుకొని పోయాం. దాన్ని కాపాడటం నా పని కాబట్టి ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాను. అక్క కమ్మీ పట్టుకొని నీళ్ళకేసి చూస్తూ ఉండేది. నాయన ఆమె పక్కనే నిలబడేవాడు. రంగూనులో మమ్మల్ని దించుకున్నది ఇస్సాకు మేస్త్రీ. గిద్దలూరు వైపు మనిషి, మిల్లులో కూలీల మీద మేస్త్రీ. మన మాట విని చాలా కాలమైందేమో, మేం ఏం మాట్లాడినా నవ్వేవాడు. తెలుగు సంఘంలో పాటలు బాగానే జరిగాయి. అక్క మాత్రం జట్టులో నిలబడి పెదవులు కదిపిందే గానీ గొంతు కలపలేదు.

ఆ తర్వాత మేస్త్రీ మమ్మల్ని పడవలో నది మీదుగా ఒక కరెన్ల ఊరికి తీసుకుపోయాడు. కరెన్లు ఆ దేశపు వాళ్ళే, పల్లెల్లో వరి పండించుకునేవాళ్ళు. మా మాదిరే క్రైస్తవ సంఘస్థులు. వాళ్ళ కోతల పండక్కు మా జట్టు కూడా రావాలని కబురు పెట్టారు. ఊరంతా పచ్చి గడ్డి వాసన, ఎండుచేపల వాసన. వెదురు ఇళ్ళు నీళ్ళ పైన కాళ్ళెత్తి నిలబడ్డట్టు ఉండేవి. వాళ్ళ పాట మొదటిసారి విన్నప్పుడు నాయన మద్దెల పక్కకు జరిపి ముందుకు వంగి కూర్చున్నాడు. మేం పాడితే అందరం ఒకే దారిన నడిచినట్టుంటుంది. వాళ్ళు నాలుగు దారుల్లో నడిచి ఒకే చోట కలుసుకుంటారు. వాళ్ళ మాట మాకు రాదు, మాది వాళ్ళకు రాదు. కానీ వాళ్ళ పాటల కాగితాల్లో మాటల కింద అంకెలు వేసి ఉన్నాయి. ఒకటి నుంచి ఏడు దాకా అంకెలు, ఆగే చోట చుక్కలు. అక్షరాలు కూడబలుక్కునే నాకు ఆ అంకెలు చూడగానే అర్థమయ్యాయి. మేం తెచ్చిన పలకల్లో ఒకటి విప్పి, వాళ్ళ పాటల పెద్దా నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. మా రాగాలకు ఆయన అంకెలు వేశాడు, వాళ్ళ రాగాలు నేను వేళ్ళతో లెక్కపెట్టి మా వాళ్ళకు చెప్పాను. రెండు జట్లూ కలిసి కూర్చోవడం అట్లా మొదలైంది. పగలు వాళ్ళ కళ్ళంలో మా వాళ్ళు వరి దులిపారు. పొద్దు వాలితే పాట. కూడు తినేటప్పుడు కూడా ఎవరి ఎదుటివాళ్ళతో వాళ్ళు రాగం తీసుకునేవాళ్ళు, మాటలు లేవు కనుక.

అక్క పక్కన కూర్చున్న పిల్ల అక్క ఈడుదే. పొద్దున్నుంచీ అక్క ముఖంలోకి చూసి నవ్వుతోంది. పేరేమిటని మేస్త్రీతో అడిగించారు.

"పో అంట" అన్నాడు మేస్త్రీ. "వాళ్ళ భాషలో పువ్వని."

జట్టంతా ఒక్కసారి ఘొల్లుమంది. "అయితే ఏమని పిలవాల? పో, ఇట్ల రా అనా?" అన్నారు ఎవరో.

"మనిషిని పో అని ఎట్ల పిలుస్తారు?" అంది అక్క. "నేను పిలవను. నిన్ను రాండి అంటా."

నవ్వు ఆగిపోయింది. ఏడాదిలో అక్క నోట ఒక నిండు మాట రావడం అదే మొదలు. నాయన మద్దెల తాళ్ళు బిగించే నెపం మీద అటు తిరిగి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం పాటలయ్యాక మా వాళ్ళు అలవాటు కొద్దీ లేచి "పోయొస్తాం" అని రాగం తీసి నిలబడ్డారు. నాయన అలవాటు కొద్దీ నాలుగు దెబ్బలు వేశాడు. అప్పుడు అందరికీ తెలిసింది, బదులు చెప్పే మనిషి సముద్రానికి అవతల ఉందని. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా వెనక నుంచి "రాండి" అని వినపడింది. ముక్కుతో, సాగదీసి, అచ్చం అమ్మే. చూస్తే అక్క. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కూర్చుంది. మేం కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. కరెన్లు నవ్వలేదు. పాటకు అది చివర కాబోలు, మనం ఆమెన్ అన్నట్టు కాబోలు అనుకొని తలలు వంచారు. వాళ్ళ పాటల పెద్ద పలక తెచ్చి నా ముందు పెట్టి, ఆ ఖాళీ ఎంత అని సైగ చేశాడు. నాలుగు వేళ్ళు చూపించాను. నాలుగు చుక్కలు వేసుకున్నాడు.

"ఇది పాట కాదని చెప్పు మేస్త్రీ" అన్నాను.

"ఏమని చెప్పేది? ఇంటికి పోయేటోళ్ళు చెప్పే మాట అంటే వాళ్ళకు ఇంకా నచ్చుతాది. ఉండనీలే నాయనా."

అట్లా ఉండిపోయింది. మరునాటి నుంచి కరెన్లు కూడా ప్రతి పాట చివరా "పోయొస్తాం" అనడం, ఆగడం. బదులు చెప్పే పని అక్క ఆ పిల్లకు నేర్పింది. ముక్కుతో అనడం కూడా మాటలో భాగమే అనుకుందేమో, ఆ పిల్ల ముక్కు చిట్లించి మరీ "రాండి" అనేది. ఇద్దరూ ఆ మాట మీదే పొద్దంతా నవ్వుకునేవాళ్ళు. అక్క పాడింది. జట్టుకు ముందు నిలబడి పాడింది. నాయన అన్న మాట నిజమైంది, కానీ అమ్మ భయం కూడా మా వెనకే ఓడెక్కి వచ్చింది.

బయలుదేరే రోజులు దగ్గరపడేసరికి అక్కకు చలిజ్వరం పట్టుకుంది. ఆ నీళ్ళ ఊళ్ళలో అది మామూలట. పో వాళ్ళ ఇంట్లోనే పడుకోబెట్టారు. జ్వరం దిగింది గానీ మనిషి లేచి నిలబడలేకపోయింది. మిషను దొరల ఆసుపత్రి నుంచి వచ్చిన వైద్యుడు ఓడ డెక్కు మీద ఆమెను తీసుకుపోకూడదన్నాడు. మా టికెట్లు ఆ ఓడకే. జట్టులో ఇతరుల పిల్లలున్నారు, వాళ్ళను ఇళ్ళు చేర్చాల్సిన బాధ్యత నాయనది. నేనుంటానన్నాను. "నువ్వుంటే ఈళ్ళ పంటంతా తినేస్తావు, పోరా" అంది అక్క చాప మీద నుంచి. వచ్చే నెల ఊరికి పోయే తెలుగువాళ్ళతో తనే జాగ్రత్తగా ఓడెక్కిస్తానని మేస్త్రీ మాటిచ్చాడు. లెక్క ప్రకారం అదే సరైన పని. ఇన్నేళ్ళుగా ఎన్నిసార్లు వేసినా ఆ లెక్కలో తప్పు దొరకలేదు, అదే నా బాధ. పడవ కట్టిన చోటికి పోయే ముందు జట్టంతా ఆ వెదురింటి ముందు నిలబడి "పోయొస్తాం" అని పాడింది. నాయన మద్దెల అప్పటికే గోనెలో కట్టేశాం, ఆయన తన తొడ మీదే నాలుగు దెబ్బలు వేసుకున్నాడు. లోపల నుంచి అమ్మ గొంతుతో "రాండి" అంది అక్క.

మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి పల్లెకు నడిచొచ్చాం. అమ్మకు అంకెలు రావు. వాకిట్లో నిలబడి వచ్చేవాళ్ళను ఒక్కసారి చూసి, "ఒకరు తక్కువొచ్చినారే" అంది. నాయన చెప్పిందంతా విని పొయ్యి దగ్గరికి పోయింది. నెల గడిచింది. తర్వాత వచ్చింది అక్క కాదు, దొరల దగ్గర నుంచి రెండు ముక్కల కార్డు. రూతమ్మ ప్రభువునందు నిద్రించినది అని ఉంది, అక్కడే మట్టి చేశామని ఉంది. ఇంకేం లేదు.

మా వాళ్ళలో మనిషిని పాట లేకుండా మట్టి చేయరు. ఎంత లేనివాళ్ళకైనా ఇంటి నుంచి గుంట దాకా పాడుకుంటూ పోతాం. పాట లేకుండా పూడిస్తే అది మనిషిని పాతిపెట్టడం కాదు, పారేయడం. అమ్మ ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక నాయనను ఒక్కటే అడిగింది. "మట్టి చేసేటప్పుడు పాట పాడినారా?" నాయనకు తెలియదు. దొరలకు జాబు రాయించాడు, బదులు లేదు. మేస్త్రీ విలాసానికి రాయించాడు, ఆ మిల్లులో అతను లేడని తిరిగొచ్చింది. అమ్మ పోట్లాడేది కాదు. కూడు వడ్డిస్తూ, కట్టెలు విరుస్తూ, నడుమ ఎప్పుడో ఆగి, "పాడినారంటావా?" అనేది. నాయన మద్దెల గోనె సంచిలోంచి తీయలేదు. జట్టు చెదిరిపోయింది. తోలు ఎండి పగిలింది. కందికట్టె పొయ్యిలోకే తప్ప మరి దేనికీ మండలేదు. ఎవరింటి నుంచి వచ్చేటప్పుడైనా నాయన "పోతాండా" అని మాత్రమే అనేవాడు, రెండో సగం మింగేసేవాడు. అమ్మ ప్రశ్నకు బదులు లేకుండానే ఆయన పోయాడు.

యుద్ధం వచ్చి రంగూను మీద బాంబులు పడ్డాక, ఆ దేశం నుంచి నడిచొచ్చినవాళ్ళు రైళ్ళలో దిగడం మొదలైంది. అప్పటికి అమ్మా నేనూ మార్కాపురం చేరి, కార్ఖానా పక్కన బండలు కప్పిన ఇంట్లో ఉన్నాం. ఒక మధ్యాహ్నం ఎముకలు తేలిన ముసలి మనిషి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఇస్సాకు మేస్త్రీ అని చెబితే గానీ గుర్తుపట్టలేదు. మిల్లు కాలిపోయిందట. భార్యను తీసుకొని ఆ కరెన్ల ఊరికే పోయి తలదాచుకున్నాడట. అక్కడ నుంచి కొండల దారిన నడిచొచ్చాడట. భార్య దారిలోనే పోయింది. ఆ సంగతి ఒక్క మాటలో చెప్పి, చెంబెడు నీళ్ళు తాగాడు. గిద్దలూరు బండికి ఇంకా టైముందన్నాడు. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే అడిగింది.

"మా పిల్లను మట్టి చేసేటప్పుడు పాట పాడినారా, అన్నా?"

"ఆ పొద్దు నేను లేనమ్మా, మిల్లు మారినా. ఆ పో అనే పిల్లే ఇప్పుడు చెప్పింది. పాడినారంట. మన పాటే, మన మాటల్తోనే. ఒక్కదానికీ అర్థం తెలీదు వాళ్ళకు. సమాధి చుట్టూ వెదురు కంచె గూడా కట్టినారు, నన్ను తీసకపోయి చూపించినారు. కోతల పండక్కు ఏటేటా పోయి పాడతారంట. కడాకు పోయొస్తాం అని గూడా..." అంటూ మేస్త్రీ నాలుక కరుచుకున్నాడు. "తప్పు పట్టుకోబాకమ్మా. సమాధి కాడ అనగూడదని వాళ్ళకు తెలీదు. నేను చెప్పలేకపోయినా."

"అన్నాక ఆగినారా?" అంది అమ్మ.

"ఏందమ్మా?"

"పోయొస్తాం అన్నాక, ఆగినారా అని."

"ఆగుతారు. నేనున్నప్పుడు గూడా ఆగినారు. ఆ పో బదులు చెప్తాది."

అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో భుజాలు చూసి చెప్పలేకపోయాను. బండి వేళకు మేస్త్రీ లేచాడు. చావు మాట్లాడుకున్న ఇల్లు కదా, మా వైపు మర్యాద ప్రకారం ఏమీ చెప్పకుండా గడప వైపు నడిచాడు.

"చెప్పకుండా పోతావేంది అన్నా?" అంది అమ్మ.

మేస్త్రీ తడబడ్డాడు. "పోయొస్తానమ్మా."

అమ్మ కుండ దించింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. నా వేళ్ళు వాటంతట అవే తొడ మీద నాలుగు దెబ్బలు వేశాయి. "రాండి" అంది. జట్టు చెదిరిపోయాక ఆ మాట ఆ రాగంలో ఆమె నోట నేను వినలేదు. మేస్త్రీ ఒక కాలు గడప బయట, ఒక కాలు లోపల ఉండగా ఆగిపోయాడు. వెనక్కి తిరిగి అమ్మను చూశాడు. "ఆ పో ముక్కుతో ఎందుకంటాదో అనుకుంటి" అన్నాడు. అని, తల వంచుకొని స్టేషను వైపు పోయాడు. మళ్ళీ అతన్ని చూడలేదు.

అమ్మ సంగటి కెలుకుతూ, నా వైపు చూడకుండా అంది. "నేను పోయినప్పుడు నువ్వు గూడా చెప్పాల రా, ఆ మాట."

ఇప్పుడు మా సంఘంలో హార్మోనియం ఉంది. పాటల పుస్తకాలున్నాయి. పిల్లలు చక్కగా చూసి పాడతారు, నాయన కంటే మంచి గొంతులే. పాట ముగియగానే పుస్తకం మూసి, ఎవరి చెప్పులు వాళ్ళు వెతుక్కొని పోతారు. ఆగేది ఎవరూ లేరు, ఆగమని వీపు మీద పొడిచే వేలూ లేదు. యుద్ధం ఆ కరెన్ల ఊరిని ఉంచిందో లేదో నాకు తెలియదు. రెండుసార్లు జాబు రాశాను. ఆ వెదురు కంచె ఉందో లేదో, అమ్మ గొంతును తన గొంతులో దాచుకున్న ఆ మనిషి బతికుందో లేదో, లెక్కకు అందడం లేదు. అందని వాటిని ఖాళీగా వదిలేయడం తప్ప నాకు మరో పద్ధతి రాదు.

అమ్మ అడిగినట్టే చేశాను. గుంట అంచున నిలబడి, జట్టు లేకపోయినా జట్టు మాటే అన్నాను, "పోయొస్తాం" అని. తర్వాత కదలకపోవడానికి కారణం మతి తప్పడం కాదు. తొడ మీద వేళ్ళతో లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఐదో దెబ్బకు ఏసేబు వచ్చి నా రెక్క పట్టుకున్నాడు.